ఇంటి కబురు దాచితే...

మా వారు జర్నలిజం ప్రొఫెసరు. హైదరాబాదులో ఎన్నో ఏళ్ళుగా విద్యార్థులకు ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే: "ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి." అటువంటి మనిషి దగ్గర నేను ఒక ముఖ్యమైన సంగతి పదకొండు రోజులు దాచాను!

2008 ఆగస్టులో ఆయన ఒక ఏడాది పాఠాలు చెప్పడానికి అమెరికా వెళ్ళారు. మిస్సోరీ రాష్ట్రంలో కొలంబియా అనే ఊరు. అక్కడి జర్నలిజం స్కూలు 1908 లో పుట్టింది. ఆయన వెళ్ళిన మరుసటి నెలలోనే నూరేళ్ళ పండుగ. దాన్ని స్థాపించిన వాల్టర్ విలియమ్స్ కాలేజీ గడప తొక్కి చదివినవాడు కాడట! స్కూలు తెరిచిననాడే విద్యార్థుల చేత దినపత్రిక కూడా మొదలుపెట్టించాడట. ఊరి జనం చదివే పత్రిక గనుక, తప్పు రాస్తే మార్కులు పోవడంతో సరిపోదు, పరువూ పోతుంది.

ఇక్కడ మా అత్తగారికి 79 ఏళ్ళు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. అబ్బాయి ఇంటరు. "ఇల్లు వదిలి ఎలా వెళ్ళను?" అని ఆయన తటపటాయిస్తే, "నేనేం పసిపిల్లనా? వెళ్ళిరా నాయనా" అని అత్తగారే సాగనంపారు.

నవంబరు 4 న అక్కడ అధ్యక్ష ఎన్నికలు. ఒబామా గెలిచినట్టు ఆ రాత్రే లోకానికంతా తెలిసింది. మిస్సోరీ ఓట్లు ఎవరివో మాత్రం తేలలేదు. 29 లక్షల పైచిలుకు ఓట్లలో తేడా 4 వేల లోపు! తేలడానికి రెండు వారాలు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే అత్తగారు స్నానాల గదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను. "వాడికి చెప్పావో, నా మీద ఒట్టే!" అన్నారు.

అక్కడ రాత్రి 9 గంటలైతే మాకు మర్నాడు ఉదయం 8-30. నేను ఆస్పత్రి వరండాలో నిలబడి ఫోను ఎత్తేదాన్ని. ఆయన ఉత్సాహంగా, "మా పిల్లలు మెక్కెయిన్ గెలిచాడని రాసేద్దామంటున్నారు. తేలలేదన్నదే ఈవేళ్టి వార్త, అదే రాయండి అన్నాను" అనేవారు. "అమ్మ ఏదీ?" అంటే, "పూజలో ఉన్నారండీ" అనేదాన్ని.

మిస్సోరీ సంగతి తేలకముందే మా గుట్టు బయటపడింది. మా అబ్బాయి సంతోషం పట్టలేక, "నాన్నా, నాన్నమ్మ ఇవాళ వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసింది!" అనేశాడు.

ఆయన కోప్పడలేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రావాలో అక్కర్లేదో నేను తేల్చుకోవలసింది. నా బదులు నువ్వు తేల్చేశావు" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

డిసెంబరు సెలవుల్లో వచ్చి మూడు వారాలు తల్లి మంచం పక్కనే కూర్చున్నారు. "దండగ ఖర్చు!" అని ఆవిడ రోజూ విసుక్కున్నారు; రోజూ ఆయన చేతే కాఫీ కలిపించుకున్నారు. తిరిగి వెళ్ళేముందు ఒక ఒప్పందం జరిగింది. రోజూ ఇంటి నుంచి కబురు వెళ్ళాలి, ముఖ్యమైనది ముందు. "నాన్నమ్మకు జ్వరం 100, మందు వేసుకోనంటోంది." "నాకు లెక్కల్లో 41." మాఘమాసంలో అమ్మాయి తానే పంపింది: "అబ్బాయి నచ్చాడు నాన్నా. కట్నం మాట ఎత్తలేదు."

2009 మే నెలలో ఆయన తిరిగొచ్చారు. ఆ వేసవిలోనే పెళ్ళి. అత్తగారు కుర్చీలో కూర్చుని మనవరాలి మీద అక్షింతలు వేశారు.

దూరాన ఉన్నవాళ్ళకు "అంతా క్షేమం" అని మనమందరం చెబుతూనే ఉంటాం. ప్రేమకొద్దీ చెబుతాం. కాని అసలు సంగతి తెలిసిననాడు వాళ్ళకు ఆ ప్రేమ కనపడదు, తమను పరాయివాళ్ళను చేశామనే అనిపిస్తుంది.

ఇప్పుడు మా అమ్మాయి కూడా విదేశంలోనే ఉంది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువైననాడు ఫోనులో, "ఏం లేదే తల్లీ, బాగానే ఉన్నాను" అనబోతాను. పక్క గదిలోంచి మా వారి దగ్గు వినిపిస్తుంది. వెంటనే మోకాళ్ళ సంగతే ముందు చెబుతాను.