జీపు తొట్టి
చర్లపల్లి పారిశ్రామికవాడలో రేకును మడిచెడి పని చూచిన విద్యార్థికి జీపు రహస్యము సులభముగా బోధపడును. పలుచని రేకు వంగును. అంచు మడిచినచో బిగిసి నిలుచును. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1941 నుండి, అమెరికా సైన్యమునకు విల్లీస్ వారు చేసిన జీపు ఉక్కురేకు తొట్టియే: తలుపులు లేవు, పైకప్పు గుడ్డ. ముందరి కమ్మీలను మొదట ఒక్కొక్కటిగా అతికెడివారు. ఫోర్డు వారు ఒకే రేకును అచ్చున నొక్కి తొమ్మిది చీలికలు తీసిరి. ఆ వంశపు జీపులే అనంతరము బొంబాయిలో మహీంద్రా వారిచే కూర్పబడి, మన తాలూకా కచేరీల ముంగిట నిలిచినవి.

యుద్ధపు జీపున అడుగురేకు క్రింది ఉక్కు పట్టీలలో బలమునకై కొయ్యముక్కలు దూర్చిరి. పాపము, ఆ కొయ్యయే తేమను దాచి, కంటికి కానరాకుండ ఉక్కును తినివేసెను! ఇంగ్లండులో ఉక్కు కరవైనందున 1948లో లాండ్ రోవరుకు అల్యూమినియపు మిశ్రలోహము తొడిగిరి. దానికి ఎఱ్ఱత్రుప్పు లేదు. కాని ఉక్కు తగిలినచోట తడి చేరెనా, అల్యూమినియమే తెల్లని పొడియై రాలును. పాత బండి కొనువారు రంగు చూడరు. వంగి, అడుగు తట్టి చూతురు.