మంచాన పడినవారికి పింఛను, మరి చూసుకొనేవారికి?

గుమ్మలక్ష్మీపురం కొండ గూడేలలో ఒకరు పక్షవాతంతో మంచాన పడితే ఇద్దరి కూలి ఆగిపోతుంది. పడినవారిది ఒకటి, దగ్గరుండి చూసుకొనేవారిది మరొకటి.

ఈ రెండవ కూలిని చట్టం మరువలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 24వ సెక్షనులో సంరక్షకుల భత్యం ప్రస్తావన ఉంది. అయితే మన రాష్ట్రంలో పింఛను వచ్చేది రోగి పేరుననే. పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జూలై నుండి నెలకు రూ.15,000.

“ఇంట్లో ఒక పింఛనుంటే రెండవది రాదు” అని అనేకులు దరఖాస్తే పెట్టరు. కుటుంబానికి ఒక పింఛను అన్నది సామాన్య నియమమే. కాని తీవ్ర వైకల్యానికి, డయాలసిస్ వంటి జబ్బులకు మినహాయింపు ఉంది. పైగా గిరిజనులకు వృద్ధాప్య పింఛను వయసు 50 ఏళ్లే. కనుక భర్తకు సేవ చేస్తున్న తల్లి తన సంగతి కూడా అడగాలి. ఆయన కన్నుమూస్తే ఆ పదిహేను వేలు ఆగిపోతాయి. అప్పుడు ఆమెకు వితంతు పింఛను రూ.4,000 కొరకు కాగితాలు సిద్ధంగా ఉండాలి.

ప్రియులారా, ఆమె మండల కార్యాలయానికి వెళ్లిన పూట మంచం దగ్గర ఎవరుంటారు? మన సంఘాలలో ఆ పూట మనమే ఉందాము.