గైడులో లేని ఉత్తరం

‘‘అక్కా, నువ్వు ఇచ్చిందే రాసినా కదా!’’

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్ష పేపర్లు ఇచ్చిన సాయంత్రం, ఆ పిల్ల నా ముందు నిలబడి అన్న మాట ఇది. తెలుగులో నూటికి 31. పాస్ కావాలంటే 35. పేపర్ తీసుకుని తిరగేశా. లేఖ ప్రశ్న దగ్గర ఎర్రసిరాతో సున్నా. నీటి వృథాను అరికట్టాలని కోరుతూ పత్రికా సంపాదకుడికి లేఖ రాయమని అడిగారు. ఆ పిల్ల ప్లాస్టిక్ నిషేధం గురించి ఒకటిన్నర పేజీ రాసింది. అక్షరం పొల్లు పోలేదు, కామాలతో సహా దిగింది. నవంబరులో నేను నోట్సు ఇచ్చి, ‘ఇది వచ్చేస్తే చాలు, ఏ లేఖ అడిగినా దీన్నే అటూ ఇటూ తిప్పి రాసేయొచ్చు’ అని చెప్పిన లేఖ అది. తిప్పడం ఎట్లాగో మాత్రం చెప్పలేదు.

అంటే ఆ సున్నా నాది.

మాది పాకాల దగ్గర ఒక పల్లె. తిరుపతిలో డిగ్రీ చదివి, అక్కడే ఓ చిన్న ఆఫీసులో పని చేస్తున్నా. వారానికి నాలుగు సాయంత్రాలు మా ఇంటి తిన్నె మీద పదో తరగతి పిల్లలకు తెలుగు, ఇంగ్లీషు చెబుతా. మొత్తం తొమ్మిది మంది. ఫీజు అంటూ ఏమీ లేదు. కాయల కాలంలో మామిడికాయలు, సంక్రాంతి ముందు చెనిక్కాయలు ఇంటికొస్తాయి, అంతే.

ఆ పిల్లది వీళ్లందరిలోకీ కాస్త కష్టమైన పరిస్థితి. ఇంట్లో మాట్లాడేది అరవం. వాళ్ల అవ్వ వాళ్లు ఎప్పుడో వేలూరు పక్క నుంచి వచ్చినవాళ్లు. వాళ్లమ్మకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. పది తప్పితే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ దాచిపెట్టలేదు. సప్లిమెంటరీ దాకా ఆగరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి పంపుతారు, లేదంటే సంబంధాలు చూస్తారు. నర్సింగ్ చదవాలని ఆ పిల్లకు ఆశ. అందుకే 31 చూసి ఏడవలేదు. నన్నే నిలదీసింది. బాగా చేసింది.

చదివితే రానివి

పదో తరగతి రాసి చాలా ఏళ్లయిన వాళ్ల కోసం చెబుతున్నా. తెలుగు పేపర్ ఇప్పుడు 100 మార్కులకు ఒకటే. 3 గంటల 15 నిమిషాలు. ఆ 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే ఇస్తారు. అవగాహన-ప్రతిస్పందన, వ్యక్తీకరణ-సృజనాత్మకత, భాషాంశాలు అని మూడు భాగాలు. పద్యాల భావాలు, ఉపవాచకంగా ఉన్న రామాయణం, సంధులు, సమాసాలు కూర్చుని చదివితే వచ్చేస్తాయి. చదివినా రానివి రెండున్నాయి. ముందెప్పుడూ చూడని గద్య పేరా ఇచ్చి, జవాబులు రాయమనో, దాని మీద ప్రశ్నలు తయారు చేయమనో అడుగుతారు. ఇంకోచోట లేఖో, కరపత్రమో, ఇంటర్వ్యూ ప్రశ్నలో రాయమంటారు. కథ కాదు, కవిత కాదు. నిజంగా జరిగే విషయాల మీద చదవడం, రాయడం.

మా పిల్లలు భయపడేది ఇక్కడే. మిగతా సబ్జెక్టులన్నీ ఇంగ్లీషు మీడియం. ‘తెలుగుదేముందిలే, మన భాషే కదా’ అని దానికి టైమ్ ఇవ్వరు. చివరి నెలలో గైడు పట్టుకుంటారు. అందులో పది లేఖలు, ఆరు కరపత్రాలు ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి రాకపోతుందా అని ఆశ. నేనూ అట్లాగే చదివా. 2015లో నాకు 9.3 జీపీఏ వచ్చింది. మా పరీక్షలో గైడులో ఉన్న లేఖే వచ్చింది. ఆ అదృష్టాన్ని ఇన్నాళ్లూ తెలివి అనుకున్నా!

పాత నోట్సు ఎంత పాతదో ఇంకో సంగతి చెబుతా. నేనిచ్చిన లేఖల్లో ఒకటి ‘చిత్తూరు జిల్లా కలెక్టర్ గారికి’ అని మొదలవుతుంది. మా పాకాల 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలో ఉంది. తొమ్మిది మంది పిల్లలు రెండు నెలలుగా వేరే జిల్లా కలెక్టర్‌కు మొర పెట్టుకుంటున్నారు. నాకూ తట్టలేదు, వాళ్లకూ తట్టలేదు. బట్టీ పట్టినప్పుడు చిరునామా కూడా మంత్రంలో భాగమే అయిపోతుంది కదా.

అలమరలో పాత పేపరు

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే అలమరలో పరిచిన పాత పేపరు చేతికొచ్చింది. 2025 జూన్‌ది. దాంట్లో బెంగళూరా కాయ వార్త ఉంది. మీరు తోతాపురి అంటారు, మేం బెంగళూరా అంటాం. మా పక్క తోటల్లో ఎక్కువ భాగం అదే. తినడానికి కన్నా గుజ్జు ఫ్యాక్టరీలకే పోతుంది. ఆ ఏడాది ధర పడిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం తన వంతుగా 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 రూపాయలు రైతుకు అందుతుందని అప్పట్లో ప్రకటించారు. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన సీజన్ అది.

దాన్ని ఎనిమిది వాక్యాల పేరాగా కుదించి, మరుసటి క్లాసులో ఇచ్చా. ‘దీని మీద నాలుగు ప్రశ్నలు తయారు చేయండి’ అన్నా. మామూలుగా ఈ ప్రశ్నకు మా పిల్లలు ఓ కిటుకు వాడతారు. పేరాలో మొదటి వాక్యం తీసుకుని చివర ‘ఏమిటి?’ తగిలిస్తారు. అందరూ అదే చేశారు. ఆ పిల్ల మాత్రం పేపరు మీదికి వంగి చాలాసేపు రాసింది.

‘కాయ కోసిన కూలి ఈ 12లో ఉండాదా, బయటా?’ ‘ట్రాక్టర్ బాడుగ ఎవురిది?’ ‘గేటు కాడ కాయ మెత్తబడితే ఆ నష్టం ఎవరి లెక్కలోకి వస్తాది?’ ‘4 రూపాయలు ఎన్నో దినం పడతాయి?’

నేను తయారు చేసుకున్న ప్రశ్నల్లో వీటిలో ఒక్కటీ లేదు. పాఠంలోని పేరా ఇస్తే మూడు విషయాలు ఏరి చెప్పలేని పిల్ల ఇది. వాళ్ల నాయన ఓ తోట గుత్తకు తీసుకున్నాడు. ఆ జూన్ అంతా కాయ వెంట ఫ్యాక్టరీకి, దామలచెరువు మండీకి తిరిగాడు. రాత్రి అన్నం దగ్గర ఆ లెక్కలు వింటూ కూర్చుంది ఈ పిల్లే.

కానీ ఇక్కడ నాకో ఇబ్బంది వచ్చిపడింది. పరీక్షలో ఈ నాలుగు ప్రశ్నలకూ మార్కులు రావు. జవాబు పేరాలో ఉండే ప్రశ్నలనే అడగాలి. ఆ మాట చెబితే మొహం చిన్నబుచ్చుకుంది.

‘‘అయితే ఇవి తప్పా అక్కా?’’

తప్పని నోరు రాలేదు. కాసేపు ఆలోచించి, పేజీని నిలువునా రెండుగా గీయమన్నా. ఎడమ పక్క, ఈ పేరా జవాబు చెప్పే ప్రశ్నలు. కుడి పక్క, ఈ పేరా చెప్పకుండా వదిలేసినవి. ఎడమ పక్కవి పరీక్షలో అవగాహన ప్రశ్నకు పోతాయి. మరి కుడి పక్కవి? వాటిని ఎవరో ఒకరిని అడగాలి. అడగాలంటే ఉత్తరం రాయాలి. ఎవరికి రాయాలి, ఏమని రాయాలి, ఏ వివరం ముందు పెట్టాలి అన్నీ ఆ కుడి పక్క గీతలోంచే వస్తాయి.

ఆరోజు నుంచి మా క్లాసు అట్లాగే నడుస్తోంది. రోజూ ఒక కాగితం. ఒకరోజు రేషన్ అంగడి ముందు అంటించిన నోటీసు, ఒకరోజు పురుగుల మందు డబ్బా మీది సూచనలు, ఒకరోజు వాట్సాప్‌లో తిరుగుతున్న ‘ఫార్వర్డ్’. చివరిదానికి కుడి పక్క చోటు చాల్లేదు!

ప్రపంచంలో కూడా చదవడాన్ని ఇట్లాగే పరీక్షిస్తున్నారు. 15 ఏళ్ల పిల్లలకు ఓఈసీడీ పెట్టే పీసా పరీక్షలో కథలతో పాటు ప్రకటనలు, పట్టికలు, నోటీసులు కూడా ఇచ్చి ప్రశ్నలు అడుగుతారు. 2009 పీసాకు మన దేశం నుంచి పక్కనున్న తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు కూర్చున్నారు. రెండూ జాబితా అడుగున నిలిచాయి. మనవాళ్లు కూర్చుంటే ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

‘ఉండాయి’కి మార్కులు పడతాయా?

రాయడం మొదలెట్టాక ఇంకో తంటా. ఆ పిల్ల లేఖలో ఒక వాక్యం: ‘గేటు కాడ ట్రాక్టర్లు రెండు దినాలు నిలబడే ఉండాయి, కాయ మెత్తబడతా ఉండాది.’

ఇంత మంచి వాక్యం నా నోట్సు మొత్తంలో లేదు. ఎర్రపెన్ను పట్టుకుని చాలాసేపు చూశా.

పరీక్షలో వచనం ఏ తెలుగులో రాయాలన్న గొడవకు వందేళ్లు దాటాయి. బడి చదువులో వాడుక భాష ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు పోరాడారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు కాంపోజిషన్ ఉపసంఘం నివేదిక మీద గురజాడ పెద్ద అసమ్మతి పత్రమే రాశారు. గిడుగు పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. వాళ్ల పుణ్యమా అని వాడుక భాష వచ్చింది. కాకపోతే వచ్చింది మా పాకాల వాడుక కాదు. మా చిత్తూరు మాటల్లోనే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పుస్తకాలు రాసి అందరి చేతా చదివించారు, నిజమే. కానీ పేపర్లు దిద్దేచోట నామిని ఉండరు. ఎవరుంటారో తెలియదు.

అందుకని ‘కాడ’ను ‘దగ్గర’ చేశా. ‘ఉండాయి’ని ‘ఉన్నాయి’ చేశా. ‘మెత్తబడుతోంది’ అని రాయించా. ‘దినాలు’ వదిలేశా, అది ఎక్కడైనా తెలుగే. వాక్యంలోని విషయాన్ని ముట్టుకోలేదు. సరిగ్గా చేశానా అంటే ఇప్పటికీ చెప్పలేను. ఆ పిల్లకు ముందూ వెనకా అరవం, మా మాట, పుస్తకం మాట అని మూడు భాషలు. మూడోదాంట్లోనే మార్కులు. ఆ సంగతి దాచకుండా చెప్పేశా. ‘‘ఓ, యూనిఫారం మాదిరా?’’ అంది. అంతే, అర్థమైపోయింది.

మిగిలినవి చిన్న విషయాలే. 15 నిమిషాల్లో లేఖ ప్రశ్న చదివేటప్పుడు ‘ఎవరికి’, ‘దేని గురించి’ అన్న రెండు మాటల కింద పెన్సిల్ గీత పెట్టడం. సంపాదకుడికి రాసేది ఊరందరికీ చెప్పడానికి, అధికారికి రాసేది పని అడగడానికి అని గుర్తుపెట్టుకోవడం. కరపత్రంలో ‘అందరూ మేల్కోవాలి’ అని ఊదరగొట్టే బదులు ఎక్కడ, ఎప్పుడు, ఏం చేయాలో రాయడం. ఇంగ్లీషు పేపర్‌కూ ఇదే పద్ధతి. ఇంకొకటి, ఎంత సొంత విషయం రాసినా లేఖ కింద సొంత పేరు రాయకూడదు. దిద్దేవాళ్లు గుర్తుపట్టే ఆనవాలు ఉండకూడదు కాబట్టి పేరు చోట ఇంటూ గుర్తులు పెట్టమంటాం.

ఫిబ్రవరిలో జరిగిన ప్రీఫైనల్లో ఆ పిల్లకు తెలుగులో 54 వచ్చాయి. భాషాంశాలు ఇంకా వీకే. సమాసాల దగ్గర రోజూ మా ఇద్దరికీ యుద్ధమే.

పోయిన వారం ప్రాక్టీసుకని అందరికీ ఒక లేఖ ఇచ్చా: మీ వీధి సమస్య గురించి సంబంధిత అధికారికి రాయండి. మా తిన్నె నుంచి వాళ్ల ఇంటికి పోయే సందులో వీధిలైటు దీపావళి ముందు నుంచీ వెలగడం లేదు. అందుకే ఆ పిల్లల్ని ఆరున్నరకే ఇంటికి పంపేస్తా. దాని గురించే రాసింది. స్తంభం ఎక్కడుందో, ఎన్నాళ్లుగా వెలగడం లేదో, ఆ దారిన సాయంత్రం ట్యూషన్‌కు వచ్చే ఆడపిల్లలు ఎందరో, అన్నీ ఉన్నాయి. ‘విషయం’ అన్నచోట ఒకే ఒక్క లైను. దిద్దడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బాగుందని చెప్పి తిరిగి ఇచ్చేశా.

తీసుకుని వెళ్లలేదు. అక్కడే నిలబడి పేజీ చివర చూస్తోంది.

‘‘అక్కా, ఇది సచివాలయంలో ఇచ్చేదానికి బాగుంటాదా?’’

‘‘బాగుంటాది.’’

‘‘అయితే ఈడ ఇంటూలు తీసేసి నా పేరు రాసేదా?’’

రాయమన్నా. తెల్లారి వాళ్లమ్మను వెంటబెట్టుకుని పోయి ఇచ్చి, రసీదు అడిగి తెచ్చుకుంది. దాన్ని మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. లైటు ఇంకా రాలేదు. క్లాసు ఇప్పటికీ ఆరున్నరకే వదిలేస్తున్నా.