పది నిమిషాలు ఆగితే బాగైపోయే ఇంజిన్

మే నెల మధ్యాహ్నం. గుంటూరు నుంచి అమరావతికి ఒక పాత కారు బయల్దేరిందనుకోండి. లాం దాటేదాకా చక్కగా లాగుతుంది. ఆ తర్వాత లారీని దాటబోతే ఇంజిన్ నీరసపడుతుంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా స్పీడు రాదు. చెట్టు కింద పది నిమిషాలు ఆపితే మళ్లీ మామూలే. షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రి ముందు బుద్ధిగా నడుస్తుంది. డాక్టర్ గది గుమ్మం ఎక్కగానే తలనొప్పి తగ్గిపోయినట్టు!

ఇలా వచ్చిపోయే జబ్బుని పట్టుకోవడం ఎలా? ఉదాహరణకి స్టాండర్డ్ హెరాల్డ్‌ని తీసుకుందాం. 1959లో ఇంగ్లండులో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్‌నే మద్రాసులోని స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి ఇక్కడ తయారుచేసింది. 948 సీసీ ఇంజిన్. డిజైన్ ఇటలీవాడు మికెలోటిది. ఈ హెరాల్డ్ ఛాసిస్‌నే కుదించి 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. అంటే మన రోడ్ల మీద తిరిగింది ఆ స్పోర్ట్స్ కారుకి సొంత అన్న. ఇద్దరికీ జబ్బులు కూడా ఒకే రకం. అంబాసిడర్‌కీ, ప్రీమియర్ పద్మినికీ ఇవే వర్తిస్తాయి.

ముందుగా ఒక చిక్కు గమనించాలి. బండి ఆపితే బాగైంది కాబట్టి "వేడి వల్లే" అని తేల్చేస్తాం. కానీ ఆగితే నయమయ్యే జబ్బులు కనీసం నాలుగున్నాయి.

ఒకటి, వేపర్ లాక్. ఈ కార్లలో ఫ్యూయల్ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. వెనక ట్యాంకులోని పెట్రోల్‌ని అది పీల్చుకోవాలి. పీల్చేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే మరిగే ఉష్ణోగ్రతా తగ్గుతుంది. పెట్రోల్‌లోని తేలికైన భాగాలు మామూలుగానే సుమారు 35-40 డిగ్రీల దగ్గర ఆవిరవడం మొదలెడతాయి. ఇక రెంటచింతల ఎండలో, ఇంజిన్ పక్కన సంగతి చెప్పాలా? పంపు ద్రవాన్ని కాకుండా ఆవిరిని తోడుతూ కూర్చుంటుంది. కొత్త కార్లలో పంపు ట్యాంకులోనే ఉండి ఒత్తిడితో నెడుతుంది కాబట్టి ఈ గొడవ దాదాపు లేదు.

రెండు, ట్యాంకు మూత. పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూతలోని సన్నని రంధ్రం దుమ్ముతో మూసుకుపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరిగి, పంపుతో టగ్ ఆఫ్ వార్ ఆడుతుంది. ఆపితే మెల్లగా గాలి చేరి సర్దుకుంటుంది.

మూడు, తుప్పు. ట్యాంకు అడుగున రాలిన పెచ్చు పైపు మూతికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగితే పీల్చే బలం పోయి కింద పడిపోతుంది. కాసేపటికి మళ్లీ అతుక్కుంటుంది.

నాలుగు, ఇగ్నిషన్ కాయిల్ లేదా కండెన్సర్. వేడెక్కినప్పుడు లోపలి ఇన్సులేషన్ బలహీనపడి స్పార్క్ తగ్గుతుంది. చల్లారాక మీటర్‌తో చూస్తే అంతా సవ్యంగానే ఉంటుంది.

అంటే పది నిమిషాలు ఆగడం వైద్యం కాదు, సాక్ష్యాన్ని చెరిపేయడం. జబ్బు ఉన్నప్పుడే పరీక్ష చేయాలి.

పవర్ పోతుండగా నడిపేవాళ్లు చోక్‌ని కొద్దిగా లాగి చూడాలి. ఇంజిన్ తేరుకుంటే స్పార్క్ ఉన్నట్టే, పెట్రోల్ చాలడం లేదు. తేరుకోకపోతే కరెంటు వైపు అనుమానం పెరుగుతుంది. పోయే తీరు కూడా కొంత చెబుతుంది. పెట్రోల్ జబ్బు ఆయాసపడుతూ వస్తుంది, కరెంటు జబ్బు స్విచ్ కట్టేసినట్టు వస్తుంది.

తర్వాత బండిని రోడ్డు పక్కకి తీసి వెంటనే ట్యాంకు మూత తిప్పండి. గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించి, అప్పటికప్పుడు బండి లాగితే దొంగ దొరికాడు. లేదంటే తడిపి పిండిన గుడ్డని ఫ్యూయల్ పంపు మీద కప్పండి. పాత టాక్సీ డ్రైవర్ల చిట్కా ఇది, నిజానికి మంచి ప్రయోగం కూడా. మిగతావన్నీ వేడిగానే ఉంచి ఒక్క పంపునే చల్లబరుస్తున్నాం కదా! నీళ్లు డిస్ట్రిబ్యూటర్ మీద పడకుండా చూసుకోవాలి.

ఈ రెండూ కాకపోతే కాయిల్ వేడిగా ఉండగానే స్పార్క్ టెస్టర్‌తో చూడాలి. దగ్గర్లో పెట్రోల్ కారుతుంటే మాత్రం ఆ పని చేయొద్దు. మల్టీమీటర్ పట్టేవాళ్లకి ఒక లెక్క: రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 3 ఓమ్‌లు చూపిన ప్రైమరీ వైండింగ్ 90 డిగ్రీల దగ్గర 3.7 చూపితే అది జబ్బు కాదు, రాగి స్వభావం. తీగ తెగినట్టు చూపిస్తేనో, బాగా తగ్గిపోతేనో అనుమానించాలి.

వేడితో సంబంధం లేని దొంగ ఇంకొకడున్నాడు. డిస్ట్రిబ్యూటర్‌లో వాక్యూమ్ అడ్వాన్స్ ప్లేటు యాక్సిలరేటర్‌ని బట్టి అటూ ఇటూ తిరుగుతుంది. పాయింట్లకి వెళ్లే సన్నని వైరు కూడా దానితోపాటు కదులుతుంది. ఏళ్లు గడిచాక లోపల తీగ తెగినా పైతొడుగు బాగానే కనిపిస్తుంది. ప్లేటు ఒక వైపుకి ఉంటే తీగ కొసలు తాకుతాయి, ఇంకో వైపుకి వెళ్తే విడిపోతాయి. ఆపి చూస్తే ఏమీ తెలియదు. ఇంజిన్ కట్టేసి, ప్లేటుని చేత్తో కదుపుతూ వైరు కంటిన్యుయిటీ చూస్తేనే బయటపడుతుంది.

ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్ కొత్త చిక్కు. పాత రబ్బరు గొట్టాలని అది మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న మురికిని కదిలిస్తుంది. కాబట్టి గొట్టాలు, ఫిల్టర్ ముందే మార్చుకోవడం మంచిది.

మిగతా వాటిలో మాత్రం ఒకసారికి ఒక్కటే మార్చండి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు కాయిల్, కండెన్సర్, పంపు, కార్బురేటర్ కిట్ ఒకే రోజు మార్చేస్తే బండి బాగుపడొచ్చు. కానీ ఏది పాడైందో ఎప్పటికీ తెలియదు. పాడైంది ట్యాంకు మూత అయితే, షెడ్డులో దాన్ని ఎవరో ఒకసారి తెరిచి మూసినందుకే బండి ఆ పూటకి బాగైందేమో! అలాంటి బండి మళ్లీ మొరాయించేది లారీని దాటుతున్నప్పుడే. అందుకే డ్యాష్‌బోర్డులో ఒక చిన్న నోట్‌బుక్ ఉంచి ఎన్ని కిలోమీటర్లకి, ఏ స్పీడులో, ట్యాంకులో ఎంత పెట్రోల్ ఉండగా పవర్ పోయిందో ప్రతిసారీ రాయండి. నాలుగైదు సార్లు రాసేసరికి అనుమానితుల జాబితా సగానికి తగ్గుతుంది.