నడిసముద్రం నేరమెంత? ఓడప్రమాదాలపై అపోహలు – వాస్తవాలు

తుగ్గలి నుంచి సముద్రం చూడాలంటే తూర్పుకు పోయినా పడమటికి పోయినా మూడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చెయ్యాలి. ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకూ అంతే. ఓడ మునగడమంటే మనకు తెలిసింది సినిమాల్లో చూసిందీ, చిన్నప్పుడు కథల్లో విన్నదీ. కానీ ఓడప్రమాదాల చరిత్ర రాసే ప్రతివాళ్లూ తెలుగు తీరం దగ్గర కాసేపు ఆగక తప్పదు. కోరంగి, మచిలీపట్నం పేర్లు లేకుండా ఆ చరిత్ర పూర్తి కాదు. బాధేమిటంటే, ఆ పేర్ల చుట్టూ అల్లుకున్న మాటల్లో చాలావరకు నిజం లేదు. పోయినవాళ్లను సరిగ్గా లెక్కపెట్టడం, ఎందుకు పోయారో ఉన్నదున్నట్టు చెప్పడం వాళ్లకు మనం చూపగల కనీస మర్యాద. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

అపోహ: ఓడకు గండం నడిసముద్రంలోనే. ఒడ్డు కనబడితే బతికిపోయినట్టే.

తెరచాప ఓడల కాలంలో జరిగింది దాదాపు దీనికి తలకిందులు. లోతు నీళ్లలో పెద్ద అల కూడా మామూలుగా ఓడను పైకెత్తి దించి దాటిపోతుంది. గాలి ఎటు తోస్తే అటు పరుగెత్తడానికి కావలసినంత చోటుంటుంది. ఒడ్డు దగ్గర ఆ చోటుండదు. గాలి ఒడ్డు వైపు వీస్తుంటే తెరచాప ఓడ నేరుగా దానికి ఎదురు పోలేదు. లంగరు ఒక్కటే దిక్కు. అది ఇసుకలో జారినా, దాని తాడు తెగినా ఓడ వచ్చి మెరకకు కొట్టుకుంటుంది. అక్కడ విరుచుకుపడే అలలు గంటల్లోనే దాన్ని చెక్కలు చేస్తాయి.

మన తూర్పు తీరంలో ఈ గండం మరీ ఎక్కువ. మద్రాసుకు గానీ మచిలీపట్నానికి గానీ అప్పట్లో కట్టిన హార్బరంటూ లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా, ఏ చాటూ లేని సముద్రంలో లంగరేసి నిలబడేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవల్లో చేరవేసేవాళ్లు. అలల దెబ్బకు విరగకుండా ఉండాలని ఆ పడవల పలకలను మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్లు. తుఫాను సూచన కనబడితే మద్రాసు రేవు నుంచి ఓడలకు వచ్చే ఆజ్ఞ ‘లోపలికి రండి’ అని కాదు, ‘లంగరు వదిలేసి నడిసముద్రంలోకి పొండి’ అని. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బుర్డొనే నౌకాదళం ఆ అక్టోబరులోనే అదే రేవు ముందు తుఫానులో చితికిపోయింది. పాండిచ్చేరిని ముట్టడించిన ఇంగ్లీషు ఓడలకు కూడా 1761 జనవరి 1న అదే గతి పట్టింది. అడ్మిరల్ స్టీవెన్స్ తన నార్ఫోక్ ఓడ లంగరు తాడు నరికించి సముద్రంలోకి పోయాడు, బతికాడు. మీరూ రండని పేల్పించిన ఫిరంగుల చప్పుడు గాలి హోరులో మిగతా ఓడలకు వినబడలేదు. వెయ్యి మందికి పైగా నావికులు పోయారు.

లైట్‌హౌస్ గురించి కూడా ఒక మాట. అది ఓడలను దగ్గరికి పిలిచే దీపమని చాలామంది అనుకుంటారు. చాలాచోట్ల అది ‘ఇటు రావద్దు’ అని చెప్పే దీపం. ఇప్పటి విజయనగరం జిల్లాలోని శాంతపల్లి లైట్‌హౌస్‌ను 1847లో కట్టింది భీమునిపట్నం పోయే ఓడలు సముద్రంలో దాగిన రాళ్లకు గుద్దుకోకుండా ఉండడానికే.

అపోహ: 1839 కోరంగి తుఫానులో ఇరవై వేల ఓడలు మునిగాయి, మూడు లక్షల మంది చనిపోయారు.

ఈ లెక్క ప్రపంచమంతా తిరుగుతోంది. ఘోర తుఫానుల పట్టిక ఏది తీసినా ఇది ఉంటుంది. తెలుగు పత్రికల్లోనూ ఏటా నవంబరులో కనబడుతుంది. నాకు ఇది నమ్మశక్యంగా లేదు. కారణాలు చెబుతాను.

కోరంగి కాకినాడకు దక్షిణంగా, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉన్న రేవు. ఓడలు కట్టడంలో, బాగుచెయ్యడంలో దానికి పెద్ద పేరు. బర్మాలో తెలుగువాళ్లందరినీ ‘కోరంగీలు’ అని పిలిచేంత పేరది. అయినా అది ఒక నది పాయ. 1864 అక్టోబరు 5న కలకత్తాను తుఫాను కొట్టింది. ఆసియాలోనే పెద్ద రేవుల్లో ఒకటైన కలకత్తాలో ఆ రోజు లంగరేసి ఉన్న ఓడలు రెండు వందలకు లోపే. అలాంటప్పుడు కోరంగిలో ఇరవై వేలు ఎక్కడి నుంచి వస్తాయి? చిన్నాపెద్దా పడవలన్నీ కలిపినా ఆ లెక్క కుదరదు.

మూడు లక్షల మరణాల సంగతీ అంతే. అప్పటి రాజమండ్రి జిల్లా జనాభా 1821లో ఏడు లక్షలు దాటింది, 1840ల మొదట్లో ఆరు లక్షల లోపుకు పడిపోయింది. ఆ ఇరవై ఏళ్ల మధ్యలోనే 1832–33 నాటి నందన కరువు వచ్చి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసింది. కరువు చావులు, వలసలు, తుఫాను అన్నీ కలిపినా తగ్గిన జనం రెండు లక్షలకు అటూఇటూ. ఒక్క రాత్రిలో మూడు లక్షల మంది పోవడానికి ఆ లెక్కలో చోటే లేదు.

మరి ఆ సంఖ్య ఎలా పుట్టింది? కోరంగిని ఉప్పెన ముంచింది ఒకసారి కాదు. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయని, మొదటిది ఓడలను ఊరిమీదికి తోసిందని, మిగతా రెండూ ఊరిని ముంచేశాయని అప్పటివాళ్లు రాసి పెట్టారు. ఆ విపత్తులో చనిపోయినవాళ్లు ఇరవై వేలని చెబుతారు. ఆ కథనాన్ని లోకానికి తెలియజేసినవాడు కలకత్తాలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్. ‘సైక్లోన్’ అనే మాటను 1848లో పుస్తకంలోకి తెచ్చింది ఆయనే. 1839 నవంబరు తుఫాను మీద కూడా ఓడల లాగ్ పుస్తకాలు కూర్చి వ్యాసం రాశాడు. 1789 నాటి ఇరవై వేల మనుషులు చేతులు మారుతూ 1839 నాటి ఇరవై వేల ఓడలయ్యాయేమోనని నా అనుమానం. ఎలా పుట్టినా ఆ సంఖ్యను ఇక వదిలేయాలి. అంత పెద్ద అబద్ధం పక్కన ఉంటే నిజంగా పోయిన వేల మంది చిన్న లెక్కలా కనబడతారు, అది అన్యాయం.

కోరంగి ఆ ఒక్క తుఫానుతో అంతమైందన్నది కూడా సరికాదు. 1839 తర్వాతా అక్కడ ఓడలు కట్టారు. గోదావరి తెచ్చే ఒండ్రుమట్టి పాయ మొగను పూడ్చేస్తూ వచ్చింది, పెద్ద ఓడలు రాలేకపోయాయి, వ్యాపారం మెల్లగా కాకినాడకు తరలిపోయింది.

ఇంకొక సంగతి. ఉప్పెన అంటే సునామీ కాదు. సునామీ సముద్రగర్భం కదిలితే వస్తుంది. ఉప్పెన గాలి పని. తీరం దగ్గర లోతు తక్కువగా ఉన్నచోట తుఫాను గాలి గంటల తరబడి నీళ్లను ఒడ్డు వైపు నెడుతుంది. వెనక్కి పోయే దారి లేక ఆ నీళ్లు మట్టం పెరిగి పల్లపు నేల మీదికి వస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాలు రెండూ పల్లమే. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఓడ ఎక్కినవాళ్లు కాదు. ఇళ్లలో ఉన్నవాళ్లు.

అపోహ: మునిగిన ఓడ అంటే నిధి.

తొలకరి వాన పడగానే జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వంగి వెతికే జనాన్ని చూసినవాళ్లకు ఈ ఆశ ఎంత బలమైందో తెలుసు. సముద్రం కింది నిధుల కథలను నడిపించేదీ ఇలాంటి ఆశే.

1782లో మద్రాసు నుంచి బయల్దేరిన గ్రోవనర్ అనే ఈస్టిండియా కంపెనీ ఓడ ట్రింకోమలీ మీదుగా ఇంగ్లండుకు పోతూ ఆగస్టు 4న దక్షిణాఫ్రికా తూర్పు తీరంలో బద్దలైంది. ఢిల్లీ నెమలి సింహాసనం అందులో ఉందని తర్వాత పుకారు లేచింది. ఆ మాట నమ్మి 1920లలో వాటాలు అమ్మి, రాళ్లలో సొరంగం తవ్వించినవాళ్లున్నారు. ఆ సింహాసనాన్ని నాదిర్ షా 1739లోనే ఢిల్లీ నుంచి పర్షియాకు తీసుకుపోయాడు. గ్రోవనర్ బయల్దేరేనాటికి అది ఈ దేశంలో లేక నలభై మూడేళ్లు. సొరంగంలో దొరికింది ఏమీ లేదు, వాటాలు కొన్నవాళ్ల డబ్బు మాత్రం పోయింది.

నిధి గోలలో అసలు కథ మరుగునపడింది. ఆ రాత్రి గాలి గట్టిగా వీస్తోంది. తెరచాప కొయ్యల మీదికెక్కిన నావికులకు దూరంగా వెలుగులు కనబడ్డాయి. ఒడ్డున కాలుతున్న గడ్డి మంటలవి. ఓడ తిప్పమని చెబితే కాపలా అధికారి వినలేదు, ఉత్తరధ్రువం దగ్గర ఆకాశంలో కనబడే వెలుగుల్లాంటివేవో అనుకున్నాడు. భూమి ఇంకా మూడు వందల మైళ్ల దూరంలో ఉందని కెప్టెన్ కాక్సన్ లెక్క. తెల్లవారేలోగా ఓడ రాళ్ల మీద ఉంది. ఓడలో ఉన్న నూట యాభై మందిలో నూట ఇరవై మందికి పైగా బతికి ఒడ్డెక్కారు. తర్వాత కాలినడకన కేప్ వైపు పోతూ ఆకలితో, రోగాలతో దారిపొడవునా రాలిపోయారు. బయటపడ్డవాళ్లు పద్దెనిమిది మంది అని లెక్క. తూర్పుపడమరల్లో తామెక్కడున్నదీ సరిగ్గా తెలియకపోవడం ఎన్ని ఓడలను ముంచిందో గాలివాన కూడా అన్నిటిని ముంచి ఉండదేమో అనిపిస్తుంది.

నిజంగా ధనం మోసిన ఓడలూ ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా మన దేశానికి వచ్చేవి, ఇక్కడి నుంచి పోయేవి కాదు. ఇక్కడి బట్ట, నీలిమందు, సురేకారం కొనడానికి యూరపు వాళ్లు వెండి తెచ్చి పోయాల్సి వచ్చేది. రాబర్ట్ క్లైవ్ సొంత బంగారంతో మద్రాసుకు వస్తున్న డాడింగ్టన్ అనే ఓడ 1755 జులై 17న ఆఫ్రికా దక్షిణ కొసన అల్గోవా బే దగ్గర బద్దలైంది. క్లైవ్ వేరే ఓడలో ఉన్నాడు. డాడింగ్టన్‌లోని 270 మందిలో మిగిలింది 23 మంది. ఒక పక్షుల దీవి మీద గుడ్లూ చేపలూ తిని ఏడు నెలలు బతికారు, విరిగిన చెక్కలతోనే చిన్న ఓడ కట్టుకొని బయటపడ్డారు. ఆ ఓడ నుంచి వచ్చాయన్న బంగారు నాణేలు 1997లో లండన్ వేలానికి వస్తే దక్షిణాఫ్రికా అడ్డుచెప్పింది, చివరికి కొంత వాటా ఆ దేశానికి ఇచ్చారు. మునిగిన ఓడ దొరికినవాళ్ల సొత్తు కాదు, చట్టాలున్నాయి.

అపోహ: ముందు ఆడవాళ్లూ పిల్లలూ, ఆఖరున కెప్టెన్. అదే సముద్ర ధర్మం.

టైటానిక్‌లో చాలావరకు అలా జరిగింది కాబట్టి అన్ని ఓడల్లోనూ జరిగిందనుకుంటాం. స్వీడన్ పరిశోధకులు ఎలిండర్, ఎరిక్సన్ మూడు శతాబ్దాల్లోని 18 ప్రమాదాల లెక్కలు తీసి 2012లో ప్రచురించారు. అందులో ఆడవాళ్లు బతికిన శాతం మగవాళ్లు బతికిన శాతంలో దాదాపు సగం. అందరికంటే ఎక్కువగా బతికింది ఓడ సిబ్బంది.

1880లో జెడ్డా అనే ఆవిరి ఓడ పెనాంగు నుంచి తొమ్మిది వందల మందికి పైగా హజ్ యాత్రికులతో బయల్దేరింది. ఓడలోకి నీళ్లొస్తున్నాయని కెప్టెనూ అధికారులూ పడవెక్కి వెళ్లిపోయారు. ఏడెన్ చేరి, ఓడ యాత్రికులతో సహా మునిగిపోయిందని చెప్పారు. కొద్దిరోజుల్లోనే జెడ్డా అదే రేవుకు వచ్చింది. దిక్కులేకుండా వదిలేసిన యాత్రికులు నీళ్లు తోడుకుంటూ ఓడను తేలేలా ఉంచుకున్నారు. దారిన పోతున్న ఆంటెనార్ అనే ఓడ దాన్ని కట్టి లాక్కొచ్చింది. కెప్టెన్‌కు పడ్డ శిక్ష మూడేళ్ల పాటు లైసెన్సు రద్దు.

అపోహ: ఆవిరి యంత్రం వచ్చాక భయం తీరింది.

గాలితో పని లేకపోవడం పెద్ద మేలే. ఆ ధైర్యంతోనే ఓడల్లో జనాన్ని కుక్కడం కూడా మొదలైంది. 1887 మే 25న పూరీ జగన్నాథుడి దర్శనానికి పోయే యాత్రికులతో కలకత్తా నుంచి చాంద్‌బాలీకి బయల్దేరిన సర్ జాన్ లారెన్స్ స్టీమరు తుఫానులో చిక్కింది. ఏడు వందల మందికి పైగా పోయారు, చాలామంది ఆడవాళ్లే. టైటానిక్‌లో సుమారు 2,200 మంది ఉంటే పడవల్లో చోటు 1,178 మందికే. అయినా అది చట్టాన్ని మీరలేదు. పడవల సంఖ్యను మనుషులను బట్టి కాకుండా ఓడ పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే పాత నిబంధన అప్పటికింకా అమల్లో ఉంది.

అపోహ: నీళ్ల మీదుండే ఓడకు నిప్పు భయం తక్కువ.

ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఇది వివరించనక్కరలేదు. నొక్కి కట్టిన పత్తి బేలు లోపల రాజుకున్న నిప్పు బయటికి కనబడదు. పైన నీళ్లు పోస్తే పై పొర తడుస్తుంది, లోపల కాలుతూనే ఉంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే స్టీమరుకు జరిగింది ఇదే. కరాచీలో ఎక్కించిన వేల పత్తి బేళ్లు, పక్కనే నూనె పీపాలు, దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, బంగారు కడ్డీలు, అన్నీ ఒకే ఓడలో. మధ్యాహ్నం పొగ కనబడింది. ఫైర్ సిబ్బంది వందల టన్నుల నీళ్లు కొట్టినా నిప్పు ఎక్కడుందో అందలేదు. ఓడను సముద్రంలోకి తీసుకుపోవాలా, ఉన్నచోటే ముంచెయ్యాలా అని పెద్దలు తేల్చుకునేలోగా సాయంత్రం 4.06కు పేలింది. అరగంట లోపే ఇంకోసారి పేలింది. ఏడు వందల మందికి పైగా చనిపోయారు. మంటలార్పడానికి వచ్చిన ఫైర్ సిబ్బందిలో అరవై ఆరు మంది ప్రాణాలు పోయాయి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతటా జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే. మన ఊళ్లలో కూడా ఆ వారం ఫైర్ సిబ్బంది బడులకూ మిల్లులకూ వచ్చి మంట ఎలా ఆర్పాలో చేసి చూపిస్తారు. ఆ తేదీ ఒక ఓడలో, పత్తి బేళ్ల మధ్య పుట్టిందని చూడటానికి వచ్చిన పిల్లలకు ఎవరైనా చెప్పాలి.