నివాస వీధులలో పిల్లల ఆటకు వాహనాల తాత్కాలిక నిలుపుదల: చట్టం, ఆచరణ

(ప్రత్యేక వ్యాసం)

కారంచేడు (బాపట్ల జిల్లా): పల్లెలలో పిల్లల తొలి ఆటస్థలం వీధియే. గోలీలు, తొక్కుడుబిళ్ల, బిళ్లంగోడు వంటి ఆటలు తరతరాలుగా ఇంటి ముంగిట సాగినవే. మోటారు సైకిళ్లు, ఆటోలు, ట్రాక్టర్ల రాకపోకలు పెరిగిన కొలదీ ఆ స్థలం కుంచించుకుపోయింది. వారంలో కొన్ని గంటలపాటు నివాస వీధిని వాహనాలకు మూసి, పిల్లలకు విడిచిపెట్టడం ఇందుకు ఒక పరిష్కారం.

ఈ పద్ధతి కొత్తది కాదు. న్యూయార్క్ నగరంలో 1914లోనే ఆట వీధులు ఏర్పడినాయి. బ్రిటన్ 1938లో ఇందుకై ప్రత్యేక చట్టం చేసింది. మన ప్రాంతంలో హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై 2021 ఆగస్టు చివరి నుండి ఆదివారం సాయంత్రాలు వాహనాలను నిలిపి, కుటుంబాలకు అవకాశం కల్పించారు. అయితే అది విహార మార్గం. నివాస వీధికి అంతటి ఏర్పాట్లు అవసరం లేదు.

చట్టపరమైన ఆధారం స్పష్టంగా ఉన్నది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 115వ సెక్షన్ ప్రకారం ప్రజల భద్రత లేదా సౌకర్యం దృష్ట్యా నిర్ణీత రోడ్డుపై వాహనాలను నిషేధించే, పరిమితం చేసే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి కలదు. నిషేధం నెల రోజులకు మించనిచో గెజిట్ ప్రకటన అవసరం లేదు. స్థానికంగా తగిన ప్రచారం కల్పిస్తే చాలును. గ్రామంలో దండోరా, పంచాయతీ కార్యాలయం నోటీసు బోర్డు ఇందుకు ఉపకరిస్తాయి. గ్రామ పంచాయతీ, పోలీసు శాఖల సమన్వయం తప్పనిసరి.

వీధి ఎంపికలో జాగ్రత్త వహించాలి. బస్సులు నడిచే ప్రధాన రహదారులు పనికిరావు. ప్రత్యామ్నాయ దారి ఉన్న వీధిని ఎంచుకుని, రెండు చివరలా అడ్డుకట్ట పెట్టి పెద్దలు కాపలా ఉండాలి. 108 అంబులెన్సుకు, అగ్నిమాపక వాహనానికి తక్షణం దారి ఇవ్వాలి. వీధిలో నివసించేవారి వాహనాలను నడక వేగంతో, కాపలాదారు వెంట ఉండగా అనుమతించవచ్చును. ధాన్యం, పొగాకు రవాణా జరిగే రోజులను మినహాయించడం మేలు.

అన్నింటికంటే ముఖ్యమైనది సమానత్వం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులను బలిగొన్న దాడికి మూలం మంచినీటి చెరువు వద్ద తలెత్తిన వివాదం. అందరిదీ అయిన స్థలం కొందరికి దూరమైతే కలిగే అనర్థమేమిటో ఆ ఘటన తెలుపుతున్నది. రాజ్యాంగం 15(2) అధికరణం ప్రకారం ప్రజల వినియోగానికి ఉద్దేశించిన బావులు, చెరువులు, రోడ్ల వాడకంలో కుల వివక్ష నిషిద్ధం. కావున ఆట వీధి ఒక్క వాడకే పరిమితం కారాదు. ఏ వాడ పిల్లలైనా ఏ ఆట వీధికైనా రాగలగాలి. బాలికలకూ సమాన అవకాశం ఉండాలి.

ఆట బాలల హక్కు అని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం పేర్కొన్నది. భారతదేశం 1992 డిసెంబరులో దానికి అంగీకారం తెలిపింది. ఆ హక్కును ఆచరణలో పెట్టడానికి భూసేకరణ గానీ, భారీ వ్యయం గానీ అవసరం లేని మార్గమిది. ఉత్తర్వు ఎవరు జారీ చేశారు, ప్రచారం జరిగినదా, ఏయే వాడల వీధులు ఎంపికైనవి అన్న మూడు అంశాలను అధికారులు ముందుగా సరిచూసుకోవాలి. పాత్రికేయులు పరిశీలించవలసినవీ అవే.