శకటు ఇచ్చింది, రాజు దొరకలేదు

కోరాపుట్‌లో చివరి రౌండు. తల్లిదండ్రుల్ని హాల్లోకి రానివ్వరు కాబట్టి అందరం కిటికీల దగ్గరే నిలబడ్డాం. మా పెద్దపాప తెల్లపావులతో ఆడుతోంది. పద్నాలుగో పదిహేనో ఎత్తు అయ్యుంటుంది. తన శకటుని తిన్నగా తీసుకెళ్ళి, అవతలి రాజు ముందున్న చివరి బంటుని కొట్టి చెక్ ఇచ్చింది. రాజు ఆ శకటుని తినేశాడు. నా పక్కనున్నాయన జాలిగా, "అయ్యో, మీ అమ్మాయి చూసుకోలేదండీ" అన్నాడు.

చూసుకోకపోవడం కాదు. చూసే ఇచ్చింది. నా భయమంతా అదే.

ఆ పోటీకి బయల్దేరే ముందు మా ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది. పాపకి ఈ ఏడు తొమ్మిది, వచ్చే ఏడు పది. లెక్కల్లో మార్కులు తగ్గి వచ్చిన రోజు కోపంలో అనేశాను, "కోరాపుట్‌లో ప్రైజు తెస్తే ఆడుకో. లేకపోతే పది పరీక్షలు అయ్యేదాకా బోర్డు అటక మీదకే" అని. "సరే నాన్నా" అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. ఆఖరి ఆట గెలిస్తే ప్రైజు, లేదంటే లేదు. అలాంటి ఆటలో ఎవరైనా జాగ్రత్తగా ఆడతారు. ఇదేమో శకటుని బలిచ్చింది!

నిజానికి ఈ పిచ్చి అంటించింది నేనే. చదరంగం తెలియని ఇళ్ళవాళ్ళ కోసం కొంచెం చెప్తాను. బంటు విలువ ఒకటి, గుర్రం, శకటు మూడేసి, ఏనుగు ఐదు, మంత్రి తొమ్మిది. (మన కాలనీలో హిందీ పిల్లలు శకటుని ఊంట్ అంటారు, అంటే ఒంటె. ఒకే బోర్డు మీద మా పాపది శకటు, ఎదుటి పిల్లాడిది ఒంటె. ఆటకేం ఇబ్బంది లేదు.) పావులు ఎక్కువున్న వాళ్ళే గెలుస్తారని మొదట్లో పిల్లలందరూ అనుకుంటారు. ఆ భ్రమ పోగొడదామని పాపకి పదేళ్ళప్పుడు 1851 నాటి ఒక ఆట చూపించాను.

ఆ ఏడు లండన్‌లో ప్రపంచ దేశాల యంత్రాలన్నీ పెట్టి పెద్ద ప్రదర్శన జరిపారు. ఆ సందర్భంగానే మొదటి అంతర్జాతీయ చదరంగం పోటీ పెట్టారు. దాన్ని గెలిచింది జర్మనీ నుంచి వచ్చిన ఆండర్సెన్. ఆయన బళ్ళో లెక్కలు చెప్పే మేష్టారు. అయితే నేను చెప్పే ఆట పోటీలోది కాదు, అదే రోజుల్లో కీసెరిట్స్కీ అనే ఆటగాడితో సరదాగా ఆడింది. అందులో ఆండర్సెన్ ముందు ఒక శకటుని ఇచ్చాడు. తర్వాత రెండు ఏనుగులూ ఇచ్చాడు. ఆఖరికి మంత్రిని కూడా ఇచ్చేశాడు. కీసెరిట్స్కీ మొత్తం ఆటలో పోగొట్టుకున్నది మూడంటే మూడు బంట్లు. అయినా 23వ ఎత్తులో రెండు గుర్రాలు, ఒక శకటుతో నల్లరాజుకి ఆటకట్టు! 'అమర క్రీడ' అని పేరొచ్చింది దానికి. ఓడిపోయిన కీసెరిట్స్కీయే ఆ ఆటని తన పత్రికలో అచ్చేసుకున్నాడు. ఆ మనిషంటే నాకు గెలిచినవాడి కంటే ఎక్కువ గౌరవం.

ఎలా జరిగింది ఇది? నల్లమంత్రి ఏనుగుని తినడానికి బోర్డు అవతలి మూలకి పోయింది. ఒక శకటు ఇంకో ఏనుగుని తింటూ రెండో మూలన ఉంది. రాజు ఇంట్లో ఒంటరి. మన పేపర్ మెషీన్ మీద షీటు తెగినప్పుడు చూడండి, రోల్‌లో నలభై పేర్లుంటే ఏం లాభం, మెషీన్ పక్కన ఆ క్షణంలో ఎంతమంది ఉన్నారన్నదే లెక్క. పాపకి అలాగే చెప్పాను. దానికి బాగా ఎక్కేసింది. అప్పట్నుంచి పావులివ్వడమే పని. పది ఆటల్లో ఆరు ఓడేది. మిగతా నాలుగూ చూస్తే ముచ్చటేసేది.

దూకుడుగా ఆడి పైకొచ్చినవాళ్ళు మనవాళ్ళలోనే ఉన్నారు. వరంగల్ కుర్రాడు అర్జున్ ఇరిగేశి 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11 ఆటల్లో 10 పాయింట్లు తెచ్చాడు, తొమ్మిది గెలుపులు, రెండు డ్రాలు. ఆ ఏడు డిసెంబరులో 2800 రేటింగు దాటాడు. ఆ స్వర్ణం తెచ్చిన జట్టులోనే గుంటూరు హరికృష్ణ, ఆడవాళ్ళ జట్టులో ద్రోణవల్లి హారిక. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయింది. తల్లయ్యాకే ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ 2019లో ఒకసారి, 2024లో రెండోసారి గెలిచింది. వాళ్ళ నాన్న అశోక్ గారు ఉద్యోగం వదిలేసి కూతురికి కోచ్ అయ్యారు. ఈ సంగతి మా ఆవిడ నాకు అప్పుడప్పుడు గుర్తుచేస్తుంటుంది, నవ్వుతూనే అనుకోండి. నేను ఉద్యోగం వదిలితే క్వార్టరు కూడా వదలాలి. నేను ఇవ్వగలిగింది ఒక షిఫ్టు మార్చుకోవడం, రెండు రైలు టికెట్లు.

సరే, ఆటకి వద్దాం. శకటుని ఇచ్చాక గుర్రంతో చెక్ ఇచ్చింది. రాజు తన గడిలోకి వెనక్కి పోయాడు. పాప మంత్రిని రాజుకి ఎదురుగా అంచు వరసలోకి తెచ్చింది. ఇంకొక్క ఎత్తులో మంత్రి వెళ్ళి రాజు పక్కన కూర్చుంటే అయిపోయినట్టే. చాలా పాత ఎత్తుగడ ఇది, పుస్తకాల్లో ఉంటుంది. నాకు కిటికీ దగ్గర కాళ్ళు నిలవలేదు. ఎదుటి అబ్బాయి చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అవతలి చివర, ఎవరూ పట్టించుకోని మూల నుంచి ఒక శకటుని ఏటవాలుగా జరిపి, పాప శకటు ఖాళీ చేసిన గడిలోనే పెట్టాడు. అక్కణ్ణుంచి అది రాజు పక్క గడిని కాస్తుంది. దాడి అక్కడితో సరి. ఇరవై ఎత్తులు లాగింది గానీ ఓడింది.

రాయగడ రైల్లో దమన్‌జోడి దాటేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత అదే సంచిలోంచి అయస్కాంతం బోర్డు తీసి మా ఇద్దరి మధ్య పెట్టింది. కాకిరిగుమ్మ, లక్ష్మీపూర్... సొరంగాలొచ్చినప్పుడల్లా రైలు చప్పుడుకి మాట వినబడదు, వేలితో చూపించుకున్నాం. టికిరి దగ్గర దొరికింది. బలికి ముందు ఒక్క ఎత్తు ఆగి ఎడమవైపు బంటుని ఒక గడి తోస్తే చాలు. ఆ మూల శకటు వెనక్కి పోవాలి, దాని దారి మూసుకుపోతుంది. ఆ తర్వాత బలిస్తే రాజు బతకడు.

"నాకు రాజు దగ్గర ఎవరున్నారో కనబడింది నాన్నా. దూరం నుంచి ఎవరు రాగలరో చూళ్ళేదు" అంది.

నేను నేర్పిన పాఠంలో లోపం అదే. మెషీన్ పక్కన ఎవరున్నారని చెప్పాను గానీ, ఒక్క అంగలో రాగలిగినవాడు కూడా పక్కనున్నట్టేనని చెప్పలేదు. ఆ మాటే దానితో అన్నాను. "పోన్లే" అంది, నన్ను ఓదార్చినట్టు.

ఇంటికెళ్ళాక బూట్లు విప్పకుండానే బోర్డు నా చేతికిచ్చింది. "మాటంటే మాటే నాన్నా. అటక నాకందదు, నువ్వే పెట్టు." మా ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడి నా మొహం చూస్తోంది. మాట వెనక్కి తీసుకుంటే రేపట్నుంచి నా మాటకి విలువుండదు. పెట్టేస్తే, అంతసేపూ రైల్లో నాతో కూర్చున్న పిల్ల... ఒక నిమిషం ఆలోచించాను. చివరికి సగం నిలబెట్టుకున్నాను. పది పరీక్షలయ్యే దాకా పోటీలకి ఊరు దాటేది లేదు. బోర్డు మాత్రం టీవీ పక్కనే ఉంటుంది, ఆదివారం సాయంత్రం మాత్రమే తియ్యాలి. లెక్కల పుస్తకం ముందు, ఆట తర్వాత. ఇది సరైన ఎత్తో కాదో ఇంకో ఏడాదికి గానీ తెలీదు.

ఇప్పుడా ఆదివారాలు మా వరండాలో ఐదారుగురు పిల్లలు చేరుతున్నారు. నాలుగింటికి మొదలు. మీ పిల్లల్నీ పంపండి, ఆడపిల్లల్నైతే తప్పకుండా పంపండి. మా దగ్గర రెండే బోర్డులున్నాయి, అందులో ఒకదానికి నల్ల ఏనుగు పోయి సీసా మూత పెట్టి ఆడుతున్నారు. ఇంట్లో పాత బోర్డు ఏదైనా ఉంటే పిల్లల చేతికిచ్చి పంపండి.